రాని బిళ్ళ

నూటికి ఎనిమిది

చాటింపు గదిలో కూర్చునేవాళ్ళు రోజూ నాలుగు ముక్కలైనా రాసిపెట్టాలని మా దిగువపేట కట్టడి. నా ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన "గాలి లేదు, అంతా క్షేమం" అని ఏళ్ళ తరబడి ఒకటే వాక్యం రాసి హాయిగా బతికాడు. ఆయనకేం, ఆకాశ కన్నులు పనిచేసిన రోజులవి. తెల్లగాలి ఎప్పుడు వస్తుందో అవి పైనుంచి చూసి చెప్పేవి, ఈయన గొట్టంలో అరిచేవాడు. ఆ కన్నులు ఒక్కొక్కటే మూసుకుపోయాక "ఓదెమ్మా, రా" అని నన్ను పిలిచారు. ఇప్పుడు నాకున్నవల్లా పైన స్తంభానికి కట్టిన గాలిగిన్నెలు, ఒక పాత లెక్కల యంత్రం. వస్తుందనీ చెప్పదు, రాదనీ చెప్పదు. ఇవాళ వచ్చే అవకాశం నూటికి ఇంత అని ఒక అంకె నా మొహాన కొడుతుంది.

పొద్దున నిచ్చెనెక్కి గిన్నెలకు పట్టిన తెల్లపొడి తుడిచాను. ముసుగు బిగించి కట్టుకున్నా గొంతు మండింది. గాలి లేనప్పుడే ఇలా ఉంటే, గాలితో కలిసి వచ్చినప్పుడు ఊపిరితిత్తులు మాడిపోతాయంటే ఆశ్చర్యం లేదు. దిగి వచ్చి గొట్టంలో చెప్పాను, "నూటికి ఎనిమిది" అని. మా దిగువపేట అంటే పాత బొగ్గుగని సొరంగాల్లో మూడు పేటలు. మూడింటికీ నా గొంతే వెళుతుంది. మూడూ ఒకే మాట వింటాయని మాత్రం చెప్పలేను.

గనిపేట మా పుట్టినిల్లు. మా తాతల తాతలు ఈ గనిలోనే బొగ్గు తవ్వారు. పై తలుపు దగ్గర ఒక పలక ఉంటుంది, దాని మీద మనిషికొక మేకు, మేకుకొక ఇనపబిళ్ళ. చేలోకి వెళ్ళేవాడు తన బిళ్ళ తీసుకుపోవాలి, వచ్చాక మళ్ళీ తగిలించాలి. ఆఖరి బిళ్ళ వచ్చేదాకా తలుపు కాపలాదారు కదలకూడదు. ఆ కాపలాదారు మా మేనమామ రాజలింగం. ఇవాళ నా అంకె విని గొట్టంలోనే అడిగాడు.

"ఎనిమిదంటే పోవుడా, ఉండుడా? ఒక్క మాట చెప్పు బిడ్డా."

"అది నాకెట్ల తెలుస్తది మామా?"

"తెల్వకుంటే నిన్నెందుకు కూసోబెట్టిన్రు ఆడ?"

నాకు ఒళ్ళు మండింది. నా కంటే యంత్రానికే మర్యాద ఎక్కువ, దాన్ని ఎవరూ ఏమీ అనరు.

నూటికి పదమూడు

సీమపేట వాళ్ళకు నా అంకె అంటే ప్రాణం. వాళ్ళ పూర్వీకులు వాన వస్తుందో రాదో తెలియని నేలలో వేరుశనగ, కంది, జొన్న, అనుములు అన్నీ కలిపి ఒకే చేలో చల్లినవాళ్ళు. ఏది పోయినా ఏదో ఒకటి మిగలాలి. ఆ లెక్కే ఇప్పుడు మనుషులకు వేస్తున్నారు. అంకె చిన్నదైతే ఇంట్లో ఒకరిని ఆపుతారు, పెరిగితే ఇద్దరిని, ఇంకా పెరిగితే ముగ్గురిని. ఇల్లంతా కలిసి పైకి వెళ్ళడం మాత్రం చచ్చినా జరగదు. వాళ్ళ పెద్ద వన్నూరప్ప రోజూ గది దాకా నడిచి వచ్చి మళ్ళీ అడుగుతాడు, గొట్టంలో విన్నది చాలదన్నట్టు.

"ఏమ్మా, పదమూడేనా? పద్నాలుగు కాదు గదా?"

"పదమూడే పెద్దాయనా. ఆ ఒక్కదానికి ఏం మారుతది?"

"మారుతాదిమ్మా. ఈ పొద్దు మా చిన్నోన్ని పంపల్లా, ఆపల్లా అని ఇంట్లో పంచాయితీ జరుగుతాంది."

గనిపేట కుర్రకారు వాళ్ళను చూసి నవ్వుతారు, ఆలుమగలిద్దరూ ఒకే పొద్దున ముద్ద మింగరట అని. వన్నూరప్ప కూడా ఆ నవ్వులో కలుస్తాడు కాని పద్ధతి మార్చుకోడు.

ఇక మూడోది మా అత్తిల్లు, రేవుపేట. సముద్రం మింగేసిన పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. గొట్టంలో నేను నోరు తెరవగానే అక్కడి ఆడవాళ్ళందరూ రోట్లో రోకలి వేస్తారు, నా మాట వినపడకూడదని. రాబోయేదాన్ని ముందుగా నోటితో అంటే అది మన ఇల్లు వెతుక్కుంటూ వస్తుందని వాళ్ళ నమ్మకం. సొంత కోడలు చాటింపు చెబుతుంటే మా అత్త పోలమ్మ అందరికంటే గట్టిగా దంచుతుంది.

పైకి వెళ్ళినవాడు తిరిగి వచ్చేదాకా వాడి పేరు ఎత్తకూడదు. వెళ్ళాడని కూడా అనకూడదు. పేరు ఎత్తితే గాలికి ఆనవాలు చెప్పినట్టే. పేరున్న బిళ్ళ పలక మీద ఉండటం కూడా పేరు ఎత్తడమే కనుక రేవుపేట వాళ్ళకు బిళ్ళలు లేవు. కట్టడి విషయంలో ఎవరినీ వదలని మా మామ ఇక్కడ మాత్రం తగ్గాడు. వాళ్ళు తలుపు దాటేటప్పుడు మర్యాదగా అటు తిరిగి గోడ చూస్తూ నిలబడతాడు. అల్లుడి తరఫు వాళ్ళ మనసు నొప్పించడం ఎందుకని ఆయన ఉద్దేశం.

పెళ్ళయిన కొత్తలో నాకివేమీ తెలియవు. నా మొగుడు ఎల్లాజీ చేలోకి వెళ్ళాక "ఎల్లాజీ ఇంకా రాలేదేం అత్తమ్మా?" అన్నాను. పోలమ్మ చేతిలోని చాట కింద పడేసింది.

"ఒలమ్మా, ఎంత మాట అనేసినావే! నోరు కడుక్కో, పో!"

ఆ రోజు నుంచి కడుక్కుంటూనే ఉన్నాను.

నూటికి పంతొమ్మిది

జొన్న పండింది. కోతకు వచ్చిన కంకుల మీద తెల్లగాలి ఒక్కసారి తగిలిందంటే గింజ చేదెక్కి పశువు కూడా ముట్టదు. కొట్లో నిలవ అడుగంటింది. అంకె మాత్రం రోజురోజుకీ పైకి పాకుతోంది.

ఇవాళ మూడు పేటల పెద్దలు కూర్చున్నారు. మామ ఒంటికాలి మీద లేచాడు. "పంతొమ్మిదంటే సగం మంది బయలెల్లి తలుపు కాడికచ్చి నిలబడుతున్రు. పోదామా వద్దా అని ఒకల మొకాలు ఒకలు చూసుకుంటున్రు. పొద్దెక్కుతాంది, పంట నిలబడే ఉంది. అంకె వద్దు. గంట కొట్టుండ్రి. గంట మోగితే పోవుడు, లేకుంటే ఉండుడు."

వన్నూరప్ప ఒప్పుకోలేదు. "అంకె లేకుంటే నేను ఇంట్లో ఎవర్ని ఆపల్ల, ఎవర్ని పంపల్ల? గంటకేం తెలుస్తాది?"

రేవుపేట తరఫున వచ్చినవాళ్ళు మాట్లాడలేదు, అసలు ఆ మాటలు వినపడనట్టు కూర్చున్నారు. అంకె వినాల్సిన పని తప్పుతుందని లోపల సంతోషించారనుకుంటాను. ఇరవై దాటకపోతే గంట అని తేల్చారు. అంకె ఎవరికీ చెప్పకూడదని నా దగ్గర మాట తీసుకున్నారు.

నిజం రాస్తున్నాను, నాకూ బరువు దిగినట్టనిపించింది. ఒక్కొక్కరి మొహం చూస్తూ తెలియదు, తెలియదు అని చెప్పలేక తల ప్రాణం తోకకొస్తోంది.

గంట మోగింది

ఊరంతా పండగలా ఉంది. గనిపేట వాళ్ళు గంట వినగానే లేచి పరిగెత్తారు. కొందరు ముసుగులు కూడా మెడకు వేలాడదీసుకుని పోయారట. గంట మోగాక ఇంకా ముసుగెందుకని వాదన! పంతొమ్మిది అన్నప్పుడు భయంతో వణికినవాళ్ళు, ఇవాళ్టి పద్దెనిమిది గంటగా మారేసరికి పాటలు పాడుతూ వెళ్ళారు.

వన్నూరప్ప వచ్చి గడపలో నిలబడ్డాడు. ఏమీ అడగలేదు. నా మొహం వంక చూసి ఏదో లెక్క వేసుకుని వెళ్ళిపోయాడు. మొహానికి ముసుగు కట్టుకుని కూర్చోవాలేమో ఇక.

గంట మోగలేదు

నిన్న మోగలేదు, మొన్నా లేదు. ఇరవై మూడు, ఇరవై అయిదు. కొట్లో ఊడ్చి పంచారు. మా ఇంట్లో గంజి పలచబడింది. మా మరిది గవరయ్య గిన్నెలోకి తొంగి చూసి, "వొదినా, ఇందులో నా మొకం సక్కగా కనిపిస్తంది" అన్నాడు. ఎంత ఆకలి మీదున్నా వాడికి వేళాకోళం కావాలి. వాడి ముసుగు తాడు తెగితే ఇవాళ కుట్టి ఇచ్చాను. తన చెప్పులు చిరిగాయని వాళ్ళన్న బూట్లు వేసుకు తిరుగుతున్నాడు, నడుస్తుంటే టపటపమని చప్పుడు.

సాయంత్రం పెద్దలు మళ్ళీ కూర్చున్నారు. ఇరవై కాదు, ముప్పై దాకా గంట కొట్టమన్నారు. గాలి అదే గాలి, యంత్రం అదే యంత్రం. మారింది మా ఆకలి ఒక్కటే. నేను ఆ మాట అనలేదు. నాకూ ఆకలిగానే ఉంది.

గంట మోగింది

ఇది జరిగిన తర్వాత రాస్తున్నాను.

పొద్దున యంత్రం ఇరవై తొమ్మిది చూపింది. గంట తాడు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. కట్టడి ప్రకారం మోగించాలి. మోగించాను.

దానికి ముందే, గంట మోగుతుందన్న ఆశతో, మా ఇంట్లో ఎల్లాజీ, గవరయ్య గంపలు ఎత్తుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. పోలమ్మ గోడ వైపు తిరిగి గింజ లేని చాట చెరుగుతోంది. బూట్ల టపటప సొరంగం మలుపు దాకా విన్నాను.

ఎండ నడినెత్తికి రాకముందే గిన్నెలు గిర్రున తిరగడం మొదలుపెట్టాయి. చేలోవాళ్ళను వెనక్కి పిలిచే కొమ్ము ఊదాను. ఊదుతూనే ఉన్నాను, చెంపలు నొప్పి పుట్టేదాకా. తర్వాత తలుపు దగ్గరికి పరిగెత్తాను. గనిపేట వాళ్ళు దగ్గుతూ దిగారు, బిళ్ళలు తగిలించారు. సీమపేట వాళ్ళు దిగారు. రేవుపేట వాళ్ళూ కొందరు దిగారు. పలక నిండింది. మామ దాన్ని రెండుసార్లు తడిమి చూసి, రేవుపేట ఆడవాళ్ళ వైపు తిరిగాడు.

"మీవోల్లంత అచ్చిన్రా?"

వాళ్ళు రోకళ్ళు పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఒక్కరూ పెదవి కదపలేదు. మామ ఇంకోసారి అడిగాడు. పైనుంచి తెల్లపొడి సన్నగా రాలుతోంది. ఆలస్యమైతే గాలి వడపోసే గుడ్డలన్నీ మూసుకుపోయి, లోపలున్న అందరం ఉక్కిరిబిక్కిరై పోతాం. పలక నిండింది కనుక మామ తలుపు వేశాడు. ఎవరు వెళ్ళారో ఆయనకెలా తెలుస్తుంది? పొద్దున అటు తిరిగి నిలబడ్డాడు కదా.

నేను జనాన్ని నెట్టుకుంటూ వెళ్ళేసరికి గడియ పడింది. వచ్చినవాళ్ళలో నా మనిషి లేడు, మరిదీ లేడు.

"మామా! నా మొగడు బయటనే ఉన్నడు! ఎల్లాజీ!"

ఆడవాళ్ళు ఒక్కసారిగా చెవులు మూసుకున్నారు. ఎవరి చేతిలోనో రోకలి జారి పడింది. పోలమ్మ కూలబడిపోయింది.

మామ అప్పటికే తాడు నడుముకు చుట్టుకుంటున్నాడు. "ఎందరు?" అన్నాడు.

నేను పోలమ్మ వైపు చూశాను. మొగుడి పేరు ఎత్తడం నా పాపం, అది నేను మోస్తాను. చిన్నకొడుకు పేరు ఆమెది. ఎత్తాలా వద్దా అన్నది తల్లి తేల్చుకోవాలి అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, ఆ ఒక్క క్షణం. ఆమె పెదవులు బిగుసుకుని ఉన్నాయి. ఆమె నా వైపు చూడలేదు.

మామకు ఆగే వీలు లేదు. "ఒకటి" అని తనకు తానే చెప్పుకుని ముసుగు లాక్కుని తలుపు తీశాడు. నేను ఆపలేదు.

ఆ తెల్లటి హోరులోంచి ఎల్లాజీని లాక్కొచ్చాడు. చేను గట్టున ఉన్న నీళ్ళ తొట్టి పక్కన పడి ఉన్నాడట. ఒకటి అనుకున్నాడు, ఒకడు దొరికాడు, లెక్క సరిపోయింది. తలుపు వేసి గడియ పెట్టాడు. ఎల్లాజీ కళ్ళు వాచిపోయాయి. గొంతులోంచి మాట రావడం లేదు. చెయ్యెత్తి తలుపు వైపు చూపిస్తున్నాడు, మళ్ళీ మళ్ళీ అదే. ఆ చెయ్యి ఎవరి కోసమో నాకు తెలుసు.

అప్పుడు పోలమ్మ అంది, ముందు నెమ్మదిగా, తర్వాత గనంతా దద్దరిల్లేలా.

"గవరయ్య! నా గవరయ్య! వొరే, గవరయ్యా!"

మామ మళ్ళీ తలుపు తీసి వెళ్ళాడు. చాలాసేపటికి వచ్చాడు. వట్టి చేతులు.

"తాడు అయిపోయింది" అన్నాడు. "తాడు అయిపోయిందే చెల్లే."

గంట లేదు, చాటింపు లేదు

గాలి తగ్గాక మూడు పేటల వాళ్ళూ కలిసి వెతికారు. చేను చివర గంప దొరికింది, సగం కంకులతో. మనిషి లేడు. చేను అవతల పని ఆపేసిన పాత గనిలోకి దిగే మోరీలు, సొరంగం నోళ్ళు, ఉన్నాయి. ఒకదాంట్లోకి దిగి ఉంటే బతికే వీలుంది. అడుగుజాడలు పొడి కింద కప్పబడిపోయాయి. ఏ మోరీలో దిగి పిలిచినా బదులు రాలేదు. ఉన్నాడో లేడో ఎవరమూ చెప్పలేం.

గనిపేట వాళ్ళకు ఏదో ఒకటి తేలాలి. దినం పెట్టేద్దామన్నారు, ఎప్పుడు పెట్టాలో కూడా వాళ్ళే చెప్పారు. రేవుపేట వాళ్ళు మా ఇంటి ముందు నుంచి నడవడం మానేశారు. నా నోటి నుంచి పేరు బయటపడింది కదా. వన్నూరప్ప జొన్న, కంది కలిపిన చిన్న మూట తెచ్చి గడపలో పెట్టాడు.

"సగం ఇప్పుడు వండుకోండమ్మా. సగం తీసి పెట్టండి. వొచ్చినోడు ఆకలి మీద వస్తాడు."

నేను పోలమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "అత్తమ్మా, ఇద్దరి పేర్లు నేనే ఒక్కసారి అనాలె. నాకు తెల్సు ఇద్దరు పోయిన్రని. బూట్ల సప్పుడు ఇన్న. నీ కొడుకు పేరు నువ్వే అంటవని సూసిన." ఏడుపు ఆగలేదు.

పోలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత అంది.

"నువ్వు పేరెత్తినావు, ఆడు వొచ్చినాడు. నాను పేరెత్తినాను, ఈడు రానేదు. ఏటి తెలిసిందే దీని వొల్ల? నీకేటి తెలిసింది, నాకేటి తెలిసింది?"

తిట్టినా బాగుండేది. నిజంగానే అడిగింది, జవాబు నా దగ్గర ఉంటుందేమో అని.

నాకు కోపం ఎవరి మీదో తెలియడం లేదు. గంట అడిగిన మామ మీదా, మర్యాదగా అటు తిరిగినందుకు ఆయన వీపు మీదా, రోకళ్ళ మీదా, అన్నింటికంటే ఎక్కువ ఆ ఒక్క క్షణం పోలమ్మ వైపు చూసిన నా కళ్ళ మీద.

నూటికి ఇరవై ఆరు

మిగిలిన జొన్న కోయక తప్పదు. పొద్దున గంట తాడు కోసం చూస్తే లేదు. మామ విప్పి చుట్ట చుట్టి తలుపు దగ్గర పెట్టుకున్నాడు. పాత తాడుకు ముడి వేస్తున్నాడు, పొడవు పెంచడానికి.

"అంకె చెప్పు బిడ్డా" అన్నాడు. "తెల్వదంటే తెల్వదనే చెప్పు. ఇనుడు నేర్సుకుంట."

గొట్టంలో చెప్పాను. "నూటికి ఇరవై ఆరు. ముసుగులు కట్టుకోండి. రావచ్చు, రాకపోవచ్చు. నాకు తెలియదు." రేవుపేట నుంచి రోకళ్ళ చప్పుడు వచ్చింది. ఎప్పుడూ వినే ఆ గట్టి దెబ్బ మాత్రం అందులో లేదు. మా అత్త దంచడం లేదు.

ఎల్లాజీకి ఇంకా సగం గొంతే వచ్చింది. చేలోకి పోతానన్నాడు. తలుపు దగ్గరికి వెళ్ళేసరికి పోలమ్మ మాకంటే ముందే వచ్చి ఉంది. చేతిలో రెండు రేకుముక్కలు, డబ్బా మూత కత్తిరించి మేకుతో చిల్లులు పొడిచినవి. ఒకటి ఎల్లాజీకి ఇచ్చింది. రెండోది మామ ముందు పెట్టింది.

"ఇది ఆడిది. తగిలించు."

మామ ఆ రేకు చేతిలోకి తీసుకుని తలెత్తకుండా చెప్పాడు. "తగిలిస్తే అచ్చిండనే లెక్క చెల్లే. ఇంక రాలే కదా."

అని లేచి, పలక మీద ఎల్లాజీకి ఒక మేకు, దాని పక్కన ఇంకో కొత్త మేకు కొట్టాడు. రెండోదాని పైన సుద్దతో గవరయ్య అని పేరు రాశాడు. ఆ మేకు ఖాళీగా వదిలేశాడు. రేకుబిళ్ళ తిరిగి పోలమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కొంగున ముడి వేసుకుంది. రేవుపేట మగవాళ్ళు తలుపు దాటుతుంటే మామ అటు తిరగలేదు. ఒక్కొక్కరి మొహం చూస్తూ నిలబడ్డాడు. చాలామంది తల దించుకుని దాటిపోయారు. ఇద్దరు మాత్రం ఆగి తమ పేర్లు చెప్పారు.

గాలి రాలేదు. అందరూ కంకులతో దిగారు. ఎల్లాజీ తన బిళ్ళ తగిలించాడు. మామ పలక తడిమాడు, ఒక మేకు ఖాళీ. ఇళ్ళకు పొమ్మని అందరికీ చెప్పి, తాను గడియ పక్కనే కూర్చున్నాడు.

"నువ్వు రావా మామా?" అన్నాను.

"బిళ్ళ రాలే" అన్నాడు.

పోలమ్మ గంజి తెచ్చింది, రెండు గిన్నెల్లో. ఒకటి మామ చేతికి ఇచ్చి, రెండోది తలుపు పక్కన మూత పెట్టి ఉంచింది. అది ఎవరికని మామ అడగలేదు.